శాచురేషన్ 90 ఉందని ఆక్సిజన్ పెంచకండి: సీఓపీడీ ఉన్న నాన్నగారికి ఇంట్లో ఆక్సిజన్, బైపాప్ మాస్క్

మీరు చెప్పిన సంగతులు ముందు ఒక్కచోట పెడతాను. నాన్నగారికి 68 ఏళ్లు, సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు బిగుసుకుపోయి గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. 40 ఏళ్ల బీడీ అలవాటు, దానికి తోడు రైస్ మిల్లు దుమ్ములో పని. పోయిన నెల ఆయాసం ఎక్కువై 9 రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఇంటికి పంపేటప్పుడు కాన్సంట్రేటర్ (గది గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషిన్) మీద నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ రోజుకు 16 గంటలు, రాత్రి పడుకునేటప్పుడు బైపాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిన్) రాశారు. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 89, 90 దగ్గరే ఆగిపోతోంది, 4 లీటర్లకు పెంచవచ్చా? బైపాప్ మాస్క్ అర్ధరాత్రి పీకేస్తున్నారు, ఏం చేయాలి? ఆక్సిజన్‌కి అలవాటు పడిపోతారా? కరెంటు పోతే ఎలా? ఇవీ మీరు అడిగినవి.

నేను రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని. 17 ఏళ్లుగా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇళ్లకు వెళ్లి ఈ మెషిన్లు పెట్టించడం, మాస్కులు సరిచేయడం, ఇంట్లోవాళ్లకు నేర్పించడం నా పని. డాక్టర్‌ని కాదు కాబట్టి మందులు, బైపాప్ ప్రెషర్లు మార్చే విషయం మీ పల్మనాలజిస్ట్‌కే (ఊపిరితిత్తుల డాక్టర్‌కే) వదిలేస్తాను. మిగతాది నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆసుపత్రిలో డిశ్చార్జి రోజున ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పే తీరిక చాలా చోట్ల ఉండదు.

మొదటి ప్రశ్నకు జవాబు: పెంచకండి. మీ నాన్నగారికి 90 తక్కువ కాదు, అది ఆయనకు సరిపోయే అంకె. మనకి 97, 98 ఉంటుంది కాబట్టి ఆయనకీ అంతే ఉండాలనిపిస్తుంది. కానీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే సీఓపీడీ పేషెంట్లకు పెట్టుకునే లక్ష్యం 88 నుంచి 92 మధ్య. ఆయనకు బైపాప్ రాశారంటేనే కార్బన్ డయాక్సైడ్ నిలుస్తోందని అర్థం. డిశ్చార్జి కాగితాల్లో ఏబీజీ అనే రిపోర్ట్ ఉంటుంది, మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే పరీక్ష. అందులో పీసీఓటూ (రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొలత) అన్నచోట 45 కంటే ఎక్కువ కనిపిస్తే అదే సంగతి.

ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పెరగాలి అని మీకు అనుమానం రావచ్చు. ఊపిరితిత్తుల్లో కొన్ని గాలి తిత్తులు పాడైపోయి, వాటిలోకి గాలి సరిగా వెళ్లదు. అలాంటి చోటికి రక్తం పంపినా లాభం లేదని శరీరమే అక్కడి రక్తనాళాలను బిగించేస్తుంది. పంట లేని మడికి నీళ్లెందుకని రైతు గండి మూసి, పక్క మడికి మళ్లిస్తాడు చూడండి, అలాగన్నమాట. మనం ఆక్సిజన్ బాగా పెంచేస్తే ఆ మూసిన గండ్లు తెరుచుకుంటాయి. రక్తం గాలి ఆడని చోటికి పోతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకుండా అందులోనే మిగిలిపోతుంది. ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్‌తో నిండినకొద్దీ కార్బన్ డయాక్సైడ్‌ని మోసే శక్తి తగ్గడం, ఊపిరి తీసుకోవాలన్న తొందర కొంత మందగించడం దీనికి తోడవుతాయి. చివరికి మనిషి మత్తులోకి జారిపోతాడు.

ఇది నేను కళ్లారా చూశాను. తెనాలి దగ్గర ఒక ఊరు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కొడుకు వచ్చాడు. తండ్రి వేలికి శాచురేషన్ చూపే మెషిన్ పెట్టి చూస్తే 89. కంగారుపడి 2 మీద ఉన్న నాబ్‌ని 5కి తిప్పాడు. కాసేపటికి 98 చూపించింది, ఇంటిల్లిపాదీ సంతోషించారు. వారం రోజులుగా కూర్చునే నిద్రపోతున్న మనిషి ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు. బైపాప్ పెడితే నిద్ర చెడుతుందని అది కూడా పెట్టలేదు. పొద్దున ఆయన భార్య కాఫీ తెచ్చి లేపితే కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. గ్లాసు చేతిలో పెడితే చెయ్యి ఉండుండి పక్షి రెక్కలా కొట్టుకుని కాఫీ అంతా దుప్పటి మీద ఒలికిపోయింది. అంతకుముందే అనుకున్న ప్రకారం మాస్క్ మార్చడానికి నేను ఆ పూటే వెళ్లాను. నుదురంతా చెమట, అరచేతులు వెచ్చగా, నాడి గట్టిగా కొట్టుకుంటోంది. పేరు పెట్టి పిలిస్తే ‘ఊఁ’ అంటున్నారు తప్ప మాట లేదు. వేలి మెషిన్ మాత్రం అప్పటికీ 98 చూపిస్తూనే ఉంది.

నాబ్ మళ్లీ 2కి తెచ్చి, బైపాప్ పెట్టి, 108కి ఫోన్ చేశాం. ఆయన కోలుకుని ఇంటికొచ్చారు. ఇక్కడ ఒక జాగ్రత్త. అలాంటప్పుడు భయపడి ఆక్సిజన్ పూర్తిగా ఆపేయకూడదు, ఒక్కసారిగా ఆపితే శాచురేషన్ మొదటికంటే కిందికి పడిపోతుంది. డాక్టర్ రాసిన అంకెకు తేవాలి, అంతే. ఆ కొడుకుని తప్పుపట్టాలని ఇది చెప్పలేదు. తండ్రి అవస్థ చూడలేక చేశాడు, ఆ స్థానంలో ఎవరున్నా చేసేవారే. ఆ నాబ్ మీద చెయ్యి వేయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఈరోజే మెషిన్ మీద ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దానిమీద పెద్ద అక్షరాలతో ‘2 లీటర్లు, 88 నుంచి 92’ అని రాయండి. చూడటానికి వచ్చే చుట్టాలు కూడా చదివేలా ఉండాలి. శాచురేషన్ కదలకుండా కూర్చున్నప్పుడు కూడా 88 కంటే తక్కువ ఉంటూ ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి. 93, 94 దాటి అలాగే నిలబడినా చెప్పండి, అప్పుడు బహుశా తగ్గిస్తారు.

ఆ వేలి మెషిన్ గురించి కూడా రెండు మాటలు. చెయ్యి చల్లగా ఉన్నా, గోరింటాకు బాగా పండి ఉన్నా, గోళ్లరంగు ఉన్నా అంకె తేడాగా రావచ్చు. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో జరిగిన పరిశీలన బయటపెట్టింది. 5 నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చేతులు రుద్ది వెచ్చబరిచి, మెషిన్ పెట్టాక ఒక నిమిషం ఆగి అంకె రాసుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. పది నిమిషాలకోసారి పెట్టి చూస్తే ఆయనకు టెన్షన్, మీకు టెన్షన్. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ మెషిన్ ఆక్సిజన్ సంగతే చెబుతుంది, కార్బన్ డయాక్సైడ్ సంగతి దానికి తెలియదు. అది మనిషిని చూసి మనమే పసిగట్టాలి. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా జోగడం, మాట తడబడటం, చేతులు ముందుకు చాపమంటే అరచేతులు రెక్కల్లా కొట్టుకోవడం దాని గుర్తులు.

మరి ఆయాసపడుతుంటే ఏం చేయాలి? ఆయాసం, ఆక్సిజన్ తగ్గడం రెండూ ఒకటి కావు. ఈ జబ్బులో శ్వాసనాళాలు బిగుసుకుపోయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాక, ఛాతీ ఉబ్బి ఉండటం వల్ల శాచురేషన్ 91 ఉన్నా దమ్ము ఆడనట్టే ఉంటుంది. అప్పుడు చేయాల్సింది కూర్చోబెట్టి, మోచేతులు బల్ల మీదో మోకాళ్ల మీదో ఆనించి కాస్త ముందుకు వంగమనడం, ముక్కుతో పీల్చి పెదాలు సున్నాలా చుట్టి నిదానంగా ఊదమనడం. టేబుల్ ఫ్యాన్ ముఖానికి తగిలేలా పెట్టండి. చల్లగాలి బుగ్గల మీద, ముక్కు మీద తగిలితే ఊపిరాడని బాధ తగ్గుతుంది, ఇది పరిశోధనల్లో కూడా తేలింది. ఆ తర్వాత డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ లేదా నెబులైజర్. నెబులైజర్‌ని దాని సొంత గాలి మోటారుతోనే నడపండి, ఆక్సిజన్ సిలిండర్‌కి తగిలించవద్దు.

ఇక ‘అలవాటు పడిపోతారేమో’ అన్న భయం. నేను వెళ్లే ప్రతి రెండో ఇంట్లో ఇదే మాట. దీనివల్ల 16 గంటలు పెట్టుకోమంటే 5, 6 గంటలు పెట్టి తీసేస్తారు. ఆక్సిజన్‌కి అలవాటు పడటం అనేది లేదు. ఊపిరితిత్తులు వాటంతట అవి తీసుకోలేనిదాన్ని మనం బయటినుంచి అందిస్తున్నాం. ఆక్సిజన్ తక్కువగా ఉంటే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని గుండె కుడివైపు మీద భారం పడుతుంది, కాళ్ల వాపులు వస్తాయి. ఏళ్ల తరబడి ఆ భారం పడకుండా చూడటానికే ఈ గంటల లెక్క.

ఆ లెక్క ఊరికే రాలేదు. 1981లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో, రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో 5 ఏళ్లలో 19 మంది చనిపోయారు. ఆక్సిజన్ ఇవ్వని 45 మందిలో 30 మంది చనిపోయారు. దానికి ముందు ఏడాది అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, రాత్రిపూట మాత్రమే పెట్టుకున్నవాళ్లకంటే రోజంతా పెట్టుకున్నవాళ్లలో మరణాలు దాదాపు సగమే. అందుకే 15 గంటలకు తగ్గకూడదు. అలాగని 24 గంటలూ ముక్కుకి పెట్టుకుని మంచానికి అతుక్కుపోనక్కర్లేదు. స్వీడన్‌లో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో 24 గంటలు పెట్టుకున్నవాళ్లకు, 15 గంటలు పెట్టుకున్నవాళ్లకు ఏడాదిలో మరణాల్లో, ఆసుపత్రి పాలవడంలో తేడా కనిపించలేదు. రాత్రి 9 నుంచి పొద్దున 7 వరకు 10 గంటలు, మధ్యాహ్నం నిద్రకు 2 గంటలు, టీవీ చూసేటప్పుడు, పేపర్ చదివేటప్పుడు ఇంకో 4 గంటలు. 16 అయిపోయాయి. మిగతా వేళ ఆయన్ని అరుగు మీద కూర్చోనివ్వండి. స్నానానికి, బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు శాచురేషన్ బాగా పడిపోతుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పండి, నడిచేటప్పుడు ఎంత పెట్టుకోవాలో విడిగా రాస్తారు.

ఇంకో సంగతి. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినప్పుడు రాసిన ఆక్సిజన్ జీవితాంతం ఉండాలని లేదు. మందులు పనిచేసి కుదుటపడ్డాక కొందరికి అసలు అవసరమే ఉండదు. 60 నుంచి 90 రోజుల్లోపు మళ్లీ ఏబీజీ చేసి చూడాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 55 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, లేదా శాచురేషన్ 88, అంతకు తక్కువ ఉంటే ఇంట్లో ఆక్సిజన్ కావాలి. గుండె కుడివైపు దెబ్బతిన్నవాళ్లకు, రక్తం చిక్కబడినవాళ్లకు 60 లోపు ఉన్నా ఇస్తారు. అంతకంటే మెరుగ్గా ఉన్న 738 మంది మీద అమెరికాలో చేసి 2016లో ప్రచురించిన పరిశీలనలో ఆక్సిజన్ వల్ల ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి డాక్టర్ తీసేయవచ్చు అంటే అనుమానపడవద్దు.

ముక్కులో పెట్టే గొట్టం కంటే ముఖానికి పెట్టే మామూలు ఆక్సిజన్ మాస్క్ మంచిదని చాలామంది కొనుక్కొస్తారు. 2 లీటర్లకు అది పెట్టకూడదు. ఆ మాస్క్‌కి కనీసం 5 లీటర్లు పోవాలి, లేకపోతే వదిలిన ఊపిరినే మళ్లీ పీల్చుకుంటారు. ఇంట్లో ముక్కు గొట్టమే సరైనది. రెండు కొమ్ముల వంపు కిందికి, ముఖం వైపు ఉండేలా పెట్టాలి. చెవుల వెనక ఒరుసుకుంటే మెత్తటి గుడ్డ చుట్టండి. ముక్కు ఎండిపోతే వ్యాజ్‌లైన్, కొబ్బరినూనె రాయవద్దు, ఆక్సిజన్ దగ్గర జిడ్డు పదార్థాలు ఉండకూడదు. మందుల షాపులో నీటితో చేసిన జెల్ దొరుకుతుంది, అది వాడండి. ఆక్సిజన్‌కి తేమ పట్టించే నీళ్ల సీసాలో డిస్టిల్డ్ వాటర్ గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ పోయాలి, రోజూ పారబోసి, సీసా కడిగి కొత్తవి పోయాలి. తగ్గిన నీళ్ల మీద మళ్లీ పోస్తూ పోతే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ఇప్పుడు బైపాప్. అందరూ దీన్నీ ఆక్సిజన్ మెషినే అనుకుంటారు. కాదు. ఇది గదిలో గాలినే ఒత్తిడితో లోపలికి పంపుతుంది. ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి. రాత్రంతా ఛాతీ కండరాలు పడాల్సిన కష్టంలో కొంత ఇది మోస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోడేస్తుంది. గురక జబ్బుకి వాడే సీపాప్ ఒకే ఒత్తిడితో నడుస్తుంది, ఎవరి ఇంట్లోనో ఖాళీగా ఉందని దాన్ని తెచ్చి దీని బదులు పెట్టకూడదు. ఆసుపత్రి నుంచి వచ్చి 2 నుంచి 4 వారాలైనా కార్బన్ డయాక్సైడ్ 53 పైనే ఉన్న సీఓపీడీ పేషెంట్ల మీద బ్రిటన్‌లో ఒక అధ్యయనం చేశారు. 2017లో ప్రచురించారు. ఆక్సిజన్ ఒక్కటే వాడినవాళ్లలో సగంమందికి ఒకటిన్నర నెలలోపే మళ్లీ ఆసుపత్రో, అంతకంటే ఘోరమో జరిగింది. ఆక్సిజన్‌తో పాటు ఇలాంటి మెషిన్ వాడినవాళ్లలో ఆ కాలం 4.3 నెలలకు పెరిగింది. అందుకే మాస్క్ పీకేస్తున్నారని వదిలేయకండి, దానికి దారి వెతుకుదాం.

పీకేయడానికి నాకు కనిపించే మొదటి కారణం పట్టీలు అతిగా బిగించడం. గాలి కారుతోందని బిగిస్తారు, బిగించేకొద్దీ సిలికాన్ అంచు మడతపడి ఇంకా కారుతుంది, ముక్కు దూలం మీద చర్మం కమిలిపోతుంది. పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి, మెషిన్ నడుస్తుండగా బిగువు సరిచేయండి. పడుకుంటే ముఖం ఆకారం మారుతుంది, కూర్చున్నప్పుడు సరిపోయింది అప్పుడు సరిపోదు. రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా. కొంచెం గాలి కారినా మెషిన్ సర్దుకుంటుంది, కళ్లలోకి కొట్టే గాలి మాత్రం ఉండకూడదు. పొద్దున తీశాక ఎర్రటి గుర్తు అరగంటలో పోకపోతే బిగువు ఎక్కువైందన్నమాట. చర్మం చిట్లేదాకా ఆగవద్దు. వేరే సైజు, వేరే రకం మాస్కులు ఉంటాయి.

రెండో కారణం మన ఇళ్లలో ఎవరూ అనుమానించనిది, నూనె. పెద్దవాళ్లు రాత్రి తలకు, ముఖానికి నూనె రాసుకుని పడుకుంటారు. ఆ జిడ్డుకి మాస్క్ జారిపోతుంది, సిలికాన్ త్వరగా పాడవుతుంది. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడిగి తుడవండి. గడ్డం రెండు రోజులకోసారైనా గీయించండి. కట్టుడు పళ్లు తీసేస్తే బుగ్గలు లోపలికి పోయి గాలి కారుతుంది. అలా అవుతుంటే, అవి వదులుగా లేకపోతే, పళ్లు ఉంచుకుని పడుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. నోరు తెరిచి పడుకునేవారైతే ముక్కు మాస్క్ పనికిరాదు, నోరూ ముక్కూ కప్పేది కావాలి. ఆ రకం మాస్క్ పెట్టేటప్పుడు భోజనానికీ దానికీ గంటన్నర, రెండు గంటలు ఎడం ఉండాలి. వాంతి వస్తే తనంతట తాను మాస్క్ తీసుకోగలగాలి. ఆ ఓపిక లేని మనిషి పక్కన ఎవరో ఒకరు పడుకోవాలి.

మూడోది భయం. నిద్రమత్తులో ముఖం మీద గాలి కొడుతుంటే ఎవరికైనా ఊపిరి ఆడనట్టే ఉంటుంది. అందుకని రాత్రి మొదలుపెట్టకండి. మధ్యాహ్నం టీవీ చూస్తుండగా, ముందు మాస్క్ ఆయన చేతికే ఇచ్చి ముఖానికి ఆనించుకోమనండి, పట్టీలు లేకుండా. 5 నిమిషాలు. మర్నాడు పట్టీలతో 20 నిమిషాలు. తర్వాత మధ్యాహ్నం నిద్రలో. వారం, పది రోజుల్లో రాత్రి 4 గంటలకు వస్తారు, అక్కడినుంచి పెంచుకోవచ్చు. పట్టీ తీసే క్లిప్ ఎక్కడుందో చీకట్లో కూడా తడిమి తీయగలిగేలా నేర్పించండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలను అని తెలిసిన మనిషి పీకి పారేయడు. ఇది నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

మాస్క్ ముందు భాగంలో సన్నటి రంధ్రాలు ఉంటాయి. వదిలిన ఊపిరి, అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేది వాటిలోంచే. ఒక ఇంట్లో ఆ రంధ్రాల గాలి పక్కన పడుకున్న భార్య ముఖానికి తగులుతోందని, పైగా అక్కడ గాలి ‘లీక్’ అవుతోందనుకుని, తెల్ల ప్లాస్టర్ అంటించేశారు. ఎంతో పొందిగ్గా, అంచులు కూడా కత్తెరతో గుండ్రంగా కత్తిరించి అంటించారు. పొద్దున్నే తలనొప్పి ఎందుకు వస్తోందో మూడు వారాలు వాళ్లకు అంతుపట్టలేదు. ఆ రంధ్రాలు ఎప్పుడూ మూయకూడదు, కడిగేటప్పుడు సబ్బు మురికి చేరకుండా చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో మాస్క్ కొంటే రంధ్రాలున్నదో లేనిదో మీ మెషిన్‌కి తగ్గట్టు చూసుకోండి. రంధ్రాలు లేనివి ఆసుపత్రి వెంటిలేటర్ల కోసం చేసినవి.

బైపాప్‌తో పాటు ఆక్సిజన్ కలపమని రాసి ఉంటే దానికి చిన్న కనెక్టర్ ఇస్తారు. ముందు బైపాప్ ఆన్ చేసి, గాలి వస్తోందని చూసుకుని, తర్వాత ఆక్సిజన్ తెరవాలి. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత బైపాప్. ఈ వరస తప్పితే ఆక్సిజన్ మెషిన్ లోపల పేరుకుంటుంది, నిప్పు ప్రమాదం.

కాన్సంట్రేటర్ మీ బాబాయిగారు 2021లో కరోనా సెకండ్ వేవ్ అప్పుడు కొన్నదని రాశారు. దాన్ని పరీక్ష చేయించకుండా నమ్మవద్దు. గదిలో గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. మెషిన్ లోపల జియోలైట్ అనే గుళికలు నైట్రోజన్‌ని పట్టేసుకుని, సుమారు 93 శాతం ఆక్సిజన్‌ని వదులుతాయి. వాడకుండా ఏళ్ల తరబడి మూలన పెడితే ఆ గుళికలు తేమ పీల్చుకుని పాడవుతాయి. అప్పుడు మెషిన్ శబ్దం మామూలుగానే వస్తుంది, లీటర్లు చూపించే గొట్టంలోని బంతి 2 మీదే నిలబడుతుంది, వచ్చేది మాత్రం 60, 70 శాతమే కావచ్చు. సర్వీసు వాళ్ల దగ్గర ఆక్సిజన్ ఎనలైజర్ ఉంటుంది, రెండు నిమిషాల పని. ముందు అది చేయించండి. శాచురేషన్ 89 దగ్గర ఆగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మెషిన్‌ని గోడకి అడుగు దూరంలో, గాలి ఆడే చోట పెట్టండి. వంటింట్లో, బీరువా పక్క సందులో వద్దు. స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాక పెట్టాలి. బంతి మధ్యభాగం 2 గీత మీద ఉండాలి, కంటి ఎత్తులో చూడండి. ఆక్సిజన్ వస్తోందో లేదో అనుమానం వస్తే ముక్కు గొట్టం కొనని గ్లాసు నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి.

కరెంటు విషయానికొస్తే, 5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. 16 గంటలకు ఐదున్నర యూనిట్లు, నెలకు 170 దాకా. ఇంట్లో మామూలుగా ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్, అదీ ప్యూర్ సైన్‌వేవ్‌ది అయితే, ఇదొక్కటీ మూడు నాలుగు గంటలు లాగుతుంది. ఫ్యాన్లు, లైట్లు కూడా నడిస్తే అంత రాదు. బైపాప్ వాడకం చాలా తక్కువ, అది రాత్రంతా కూడా నడవగలదు. మీ ఊళ్లో వేసవిలో పూటంతా పోతుందంటున్నారు కాబట్టి ఒక బీ టైప్ సిలిండర్ తప్పకుండా ఉంచుకోండి. అందులో 1,500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు. నిలబెట్టి గొలుసుతో గోడకి కట్టాలి. మీటరు ముల్లు పావు వంతుకు రాగానే నింపించండి. రెగ్యులేటర్ బిగుసుకుపోయిందని నూనె చుక్క వేయకూడదు, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే అంటుకుంటుంది. బైపాప్ మీద ఉండగా కరెంటు పోయి మెషిన్ ఆగితే వెంటనే మాస్క్ తీసేసి ముక్కు గొట్టం పెట్టండి.

నిప్పు గురించి బతిమాలి చెబుతున్నాను. నాన్నగారు ఇంకా రోజుకు రెండు మూడు బీడీలు చాటుగా తాగుతున్నారని రాశారు. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ మండేదాన్ని భగ్గుమనిపిస్తుంది. ముక్కు కింద గొట్టంతో బీడీ వెలిగిస్తే ముఖం కాలిపోతుంది. గొట్టం తీసేశాక కూడా పంచెలో, బనీనులో, దుప్పట్లో ఆక్సిజన్ నిలిచి ఉంటుంది, కనీసం అరగంట నిప్పు దగ్గరికి వెళ్లకూడదు. ఆయన మంచం ఉన్న గదిలో దీపారాధన, అగరుబత్తి, కర్పూర హారతి, దోమల చుట్ట ఏవీ వద్దు. దేవుడి పటాలు అదే గదిలో ఉంటే పటాలనే వేరే గదికి మార్చండి, అమ్మగారు నొచ్చుకోకుండా ఆవిడ చేతే పెట్టించండి. గ్యాస్ స్టవ్‌కి 10 అడుగుల దూరం ఉండాలి. పొగ కూడా ఆయనకు విషమే కాబట్టి కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచడం ఆపేయండి. బీడీ మానడానికి నికోటిన్ చూయింగ్ గమ్ములు, మందులు ఉన్నాయి. సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గర ఆ మాట ఎత్తండి.

ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలంటే: లేపితే సరిగా లేవకపోయినా, మాట తికమకగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, పూర్తి మాట చెప్పలేనంత ఎగశ్వాస వచ్చినా, రాసిన ఆక్సిజన్ మీద కూడా 85 కిందికి పడి పైకి రాకపోయినా ఆలస్యం చేయకండి. కళ్లె పచ్చగా చిక్కబడి ఎక్కువైతే, కాళ్ల వాపు పెరిగితే ఆరోజే ఫోన్ చేయండి. 108 ఎక్కాక ‘ఈయనకు కార్బన్ డయాక్సైడ్ నిలుస్తుంది, శాచురేషన్ 88 నుంచి 92 చాలు’ అని మీరే నోరు తెరిచి చెప్పాలి. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సుల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సీఓపీడీ పేషెంట్లకు ఆక్సిజన్ ఎక్కువగా ఇచ్చినప్పటికంటే 88–92కి సరిపడా కొలిచి ఇచ్చినప్పుడు మరణాలు బాగా తగ్గాయి. ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసి ఆయన ఆధార్ కార్డు కవర్లో పెట్టండి.

తిరుమల తీసుకెళ్లవచ్చా అని చివర్లో అడిగారు. కొండ మీద గాలిలో ఆక్సిజన్ కింద ఉన్నదానికంటే సుమారు పదో వంతు తక్కువ. ఇప్పుడే వద్దు. మూడు నెలల తర్వాత ఏబీజీ చూసి డాక్టర్ సరేనంటే, సిలిండర్ దగ్గర పెట్టుకుని కారులో వెళ్లి రావచ్చు, మెట్లు కాదు.

వచ్చే చెకప్‌కి బైపాప్‌లోని మెమరీ కార్డు, వాడే మాస్క్, మీరు రాసుకున్న శాచురేషన్ కాగితం మూడూ పట్టుకెళ్లండి. రాత్రికి ఎన్ని గంటలు వాడారో, గాలి ఎంత కారిందో ఆ కార్డులో ఉంటుంది, ప్రెషర్లు మార్చాలో లేదో డాక్టర్ దాన్నిబట్టే చూస్తారు. మాస్క్ పెట్టుకున్నప్పుడు పక్కనుంచి, ముందునుంచి ఫొటోలు తీసి, మాస్క్ మీద ఉన్న సైజు అక్షరం కూడా రాస్తే, ఏ పట్టీ సడలించాలో నేను చూసి చెబుతాను.